38 చీటీలు, నాలుగు పెట్టెలు: సైన్స్ ఫెయిర్ ప్రాజెక్టు డైరీ

ఇంకా 42 రోజులు

పిల్లల దగ్గర్నుంచి చీటీలన్నీ వచ్చేశాయి. మొత్తం 38. ప్రాజెక్టులో ఏం చేయబోతున్నారో రెండు మూడు వాక్యాలు రాయమన్నాను. సగం మంది ఒక్క మాటతో సరిపెట్టారు. అగ్నిపర్వతం. గాలిమర. కాలుష్యం. కాలుష్యం అని రాసిన అబ్బాయిని పిలిచి "దేని కాలుష్యం నాన్నా?" అని అడిగితే "అన్నీ టీచర్" అన్నాడు.

ఈసారి ఈ పని మొత్తం నా నెత్తిన పడింది. కిందటిసారి చీటీలు తీసుకుని ఫైల్లో పెట్టేసి, మళ్లీ చివరి వారంలోనే బయటికి తీశాం. ఆ వారం గుర్తొస్తే ఇప్పటికీ నీరసం వస్తుంది. అందుకే ముందే వర్గాలు చేసుకుని, ఒక్కో ప్రాజెక్టుకు రోజుల లెక్క వేసుకుని దిగుదామనుకున్నాను. జరిగింది జరిగినట్టు ఇక్కడ రాసిపెడతాను, నా తప్పులతో సహా.

మొదట సబ్జెక్టు ప్రకారం పేర్చాను. ఫిజిక్స్ 11, కెమిస్ట్రీ 6, బయాలజీ 9, పర్యావరణం 8, లెక్కలు 1, ఎక్కడ పెట్టాలో తెలియనివి 3. పని అయిపోయిందనుకునే లోపే చిక్కొచ్చింది. ఇసుక, బొగ్గు పొరలతో మురికినీళ్లు వడగట్టే ప్రాజెక్టు కెమిస్ట్రీయా, పర్యావరణమా, ఇంజనీరింగా? ఆ చీటీ మూడు కుప్పల్లోనూ తిరిగింది. ఐసెఫ్ అని పిలిచే అంతర్జాతీయ సైన్స్ అండ్ ఇంజనీరింగ్ ఫెయిర్ 1950లో ఫిలడెల్ఫియాలో మొదలైంది. ఇప్పుడు వాళ్లకు ఇరవైకి పైగా విభాగాలున్నాయి. ప్రపంచం నలుమూలల నుంచి ప్రాజెక్టులు వచ్చేచోట అన్ని ఉండాల్సిందే. నా 38 చీటీలకు అన్ని విభాగాలు పెడితే ఒక్కోదాంట్లో రెండు చీటీలు కూడా ఉండవు.

అసలు ఇబ్బంది అది కాదని రాత్రి తట్టింది. ఫిజిక్స్ అని తెలిస్తే ఆ ప్రాజెక్టును ఏ బల్ల మీద పెట్టాలో తెలుస్తుంది. ఆ పిల్లవాడు రేపు పొద్దున లేచి ఏం చేయాలో మాత్రం తెలియదు.

41 రోజులు

కుప్పలన్నీ మళ్లీ కలిపేశాను. ఈసారి చీటీలో క్రియ ఏమిటో మాత్రమే చూశాను. క్రియ లేని చీటీలను వెనక్కిచ్చి "నేను ఫలానాది చేస్తాను" అని పూర్తి వాక్యం రాయించాను. నాలుగు అట్టపెట్టెలు తెచ్చి వాటి మీద స్కెచ్‌పెన్‌తో పేర్లు రాశాను: చూపిస్తాను, కనుక్కుంటాను, తయారుచేస్తాను, లెక్కపెడతాను.

'చూపిస్తాను' అంటే తెలిసిన విషయాన్నే మోడల్ కట్టి వివరించడం. 'కనుక్కుంటాను' అంటే ఒకటి మార్చి, దానివల్ల ఇంకోటి ఎలా మారుతుందో కొలవడం. 'తయారుచేస్తాను' అంటే ఒక అవసరానికి పరికరం కట్టి, అది పనిచేస్తుందో లేదో పరీక్షించడం. 'లెక్కపెడతాను' అంటే దేన్నీ మార్చకుండా, ఉన్నదాన్ని ఉన్నట్టు గమనించి నమోదు చేయడం.

లెక్క తేలింది. చూపిస్తాను 21, కనుక్కుంటాను 7, తయారుచేస్తాను 5, లెక్కపెడతాను 3. రెండు చీటీలు ఎందులోనూ పట్టలేదు: ఒకటి మన కాలుష్యం అబ్బాయిది, రెండోది లెక్కల చీటీ.

21 చూసి కాసేపు అలా కూర్చుండిపోయాను. సబ్జెక్టు ప్రకారం పేర్చినప్పుడు ఇది కనిపించనే లేదు. మోడల్ కట్టడం తప్పని నేననను. గుండెలో నాలుగు గదులు మట్టితో చేసిన పిల్ల, రక్తం వెళ్లే దారిని జన్మలో మరిచిపోదు. కానీ సగానికి పైగా పిల్లలు జవాబు ముందే తెలిసిన పని ఎంచుకున్నారంటే, వాళ్ల దగ్గర ప్రశ్నలు లేవని కాదు, మేం అడగలేదని.

39 రోజులు

అగ్నిపర్వతం పిల్లతో కూర్చున్నాను. ఏడో తరగతి. మట్టితో కొండ, లోపల సీసా, అందులో వంటసోడా, పైనుంచి వెనిగర్, ఎర్రరంగు నురగ. కొండ లేకుండా ఇదే పని చేస్తే ఏం మిగులుతుందని అడిగాను. కాసేపు ఆలోచించి "నురగ" అంది. నురగ ఎందుకొస్తుంది? "గ్యాస్ వల్ల." ఏ గ్యాస్? "కార్బన్ డైఆక్సైడ్." వెనిగర్ రెట్టింపు పోస్తే గ్యాస్ రెట్టింపు వస్తుందా?

"వస్తుంది కదా టీచర్?" అంది, కానీ ఆ 'కదా' దగ్గర గొంతు తగ్గింది. నాకు కావాల్సింది ఆ తగ్గడమే.

సీసా మూతికి బెలూన్ తొడిగి, అది ఎంత ఉబ్బిందో దారంతో చుట్టుకొలత తీయాలని ఇద్దరం అనుకున్నాం. సోడా ఎప్పుడూ మూడున్నర గ్రాములే. వెనిగర్ 25, 50, 75, 100 మిల్లీలీటర్లు. సీసా ఒకటే, గది ఒకటే, ఒక్కో కొలతా మూడుసార్లు. నా కాగితం మీద లెక్క వేసి చూసుకున్నాను: 5 శాతం ఆమ్లం ఉన్న వెనిగర్ 100 మిల్లీలీటర్లకు సుమారు 7 గ్రాముల సోడా సరిపోతుంది. అంటే మూడున్నర గ్రాములకు 50 దగ్గరే సోడా అయిపోవాలి. ఆ తర్వాత ఎంత పోసినా బెలూన్ పెరగకూడదు. ఈ కాగితం పిల్లకు చూపించలేదు. గ్రాఫు గీస్తూ గీస్తూ ఒకచోట గీత అడ్డంగా పడుకుంటుంది చూడండి, ఆ క్షణం ఆమెకే దక్కాలి.

చీటీని 'చూపిస్తాను' నుంచి తీసి 'కనుక్కుంటాను'లో వేశాను. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి "కొండ అసలు వద్దా టీచర్?" అని అడిగింది. బల్ల మీద అలంకారానికి పెట్టుకోమన్నాను.

37 రోజులు

ఈరోజు ఎర్రచుక్కల పని. క్రియ ఏదైనా సరే, కొన్ని ప్రాజెక్టులు ముందు అనుమతి లేకుండా మొదలుకాకూడదు. మనుషుల మీద ప్రయోగాలు, జంతువులు, సూక్ష్మజీవులు, ప్రమాదకరమైన రసాయనాలు, నిప్పు, గోడ ప్లగ్గు కరెంటు. అలాంటి చీటీ మూల ఎర్రచుక్క పెట్టాను. తొమ్మిది చీటీలకు పడింది.

అందులో ఒకటి "ఫోన్ మీద ఎన్ని క్రిములుంటాయి". దూదితో ఫోన్ తుడిచి, ఆ దూదిని క్రిములను పెంచే పెట్రీ పళ్లెంలో రాసి, ఇంట్లో అలమరాలో పెంచుతాడట. ఇంట్లో సూక్ష్మజీవులను పెంచడానికి ఐసెఫ్ నియమాలు కూడా ఒప్పుకోవు. ఏం పెరుగుతుందో మనకు తెలియదు కదా. ల్యాబులోనే, పళ్లేనికి టేపు చుట్టి, మళ్లీ మూత తీయకుండా, బయటి నుంచే మచ్చలు లెక్కపెట్టాలి. అబ్బాయి మొహం వాడిపోయింది. మూత తీయకపోయినా లెక్క లెక్కేనని చెప్పాక కాస్త తేరుకున్నాడు.

ఇంకోటి చూడటానికి అమాయకంగా ఉంది. తన స్నేహితురాలు కుళాయి నీళ్లకూ సీసా నీళ్లకూ రుచి తేడా చెప్పేస్తుందని ఒక అమ్మాయి పందెం. మనుషులున్నారు కాబట్టి ఎర్రచుక్క, ఇంట్లో పెద్దవాళ్ల సంతకం. అది అయ్యాక పద్ధతి అడిగాను. రెండు గ్లాసులు పెట్టి ఏది ఏదో చెప్పమంటుందట. గుడ్డిగా చెప్పినా సగం సగం అవకాశం ఉందిగా అన్నాను. సరిగ్గా ఈ చిక్కు మీదే రోనాల్డ్ ఫిషర్ అనే గణాంకవేత్త 1935లో ఒక ఉదాహరణ రాశారు. పాలు ముందు పోశారో టీ ముందు పోశారో రుచి చూసి చెప్పగలనన్న ఒకావిడకు ఎనిమిది కప్పులివ్వాలి, నాలుగు ఒక రకం, నాలుగు ఇంకో రకం, వరస కలగాపులగంగా. ఏ నాలుగు ఏ రకమో ఊహించి ఎనిమిదీ సరిగ్గా చెప్పే అవకాశం 70లో ఒక్కటి. అమ్మాయి వేళ్ల మీద లెక్కపెట్టబోయి వదిలేసింది. రాత్రి ఇంట్లో 70 రకాలూ కాగితం మీద రాస్తానంది. రాయనీ, మంచిదే.

35 రోజులు

రోజుల లెక్క వేయడం చివరి నుంచి మొదలుపెట్టాలి. ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్న సంగతి. ప్రదర్శన రోజు, దాని వెనక చార్టులకు నాలుగు రోజులు, దాని వెనక గ్రాఫులకు మూడు రోజులు, ఆ వెనక ఒకసారి మొత్తం చెడిపోతే మళ్లీ చేయడానికి సరిపడా రోజులు. వీటన్నిటికీ ముందు మిగిలిన రోజులే ప్రయోగానికి. ప్రాజెక్టులో అన్నిటికంటే నిదానంగా జరిగే పని ఏదో చీటీ వెనక రాయమన్నాను. లోలకం అయితే నిమిషాలు. మేకు తుప్పు పట్టడం రోజులు. విత్తనాలు మొలిచి కొలిచేంత ఎదగడం రెండు వారాలు.

అలా తిప్పి చూస్తే గుండె ఆగినంత పనైంది. 'లెక్కపెడతాను'లో ఒక చీటీ ఉంది: చంద్రుడి ఆకారం రోజూ గీస్తాను. ఒక పున్నమి నుంచి ఇంకో పున్నమికి ఇరవై తొమ్మిదిన్నర రోజులు. ఉన్నవి 35. చార్టులకే నాలుగు పోతాయి. అంటే ఈ రాత్రే మొదలవ్వాలి, ఒకసారి చెడిపోవడానికి మిగిలే రోజులు సున్నా. అందరికంటే తీరిగ్గా కనిపించిన ప్రాజెక్టు అందరికంటే తొందరదిగా తేలింది. పరుగున వెళ్లి ఆ పిల్లాణ్ణి పట్టుకున్నాను. మబ్బు పట్టిన రోజు ఏం చేయాలని అడిగాడు. "మబ్బు అని రాయి. ఖాళీ వదలకు, ఊహించి గీయకు" అన్నాను.

కాలుష్యం అబ్బాయి తనే వచ్చాడు. గేటు బయట రోజూ ఒకే సమయానికి పది నిమిషాలు నిలబడి ఎన్ని హారన్లు మోగుతాయో గీతలు పెట్టుకుంటాడట. 'అన్నీ' కాస్తా హారన్ల దాకా దిగింది. పెట్టె దొరికింది.

29 రోజులు

సంగీతం వింటే మొక్కలు బాగా పెరుగుతాయా? రెండు కుండీలు పెట్టుకుని వారమైంది. పాటలు వినిపించిన మొక్క రెండు అంగుళాలు ఎక్కువ పెరిగిందని పిల్లలిద్దరూ ఎగురుకుంటూ వచ్చారు. వెళ్లి చూస్తే స్పీకరు తీగ పొడవు చాలక ఆ కుండీని కిటికీ పక్కన పెట్టారు. రెండోది మూలన, బీరువా నీడలో ఉంది.

నేనేమీ చెప్పలేదు. రెండు కుండీల మధ్య తేడాలన్నీ రాయమన్నాను. మొదటి తేడా పాట. రెండోది రాయడానికి అయిదు నిమిషాలు పట్టింది. రాసిన అబ్బాయి పెన్ను కింద పెట్టి పక్కవాడి వైపు చూశాడు, పక్కవాడు కిటికీ వైపు చూశాడు.

మళ్లీ మొదలు. ఈసారి కుండీకి ఒక్క విత్తనం కాదు, అటు ఇరవై, ఇటు ఇరవై. వెలుగు సమానంగా పడేచోట, నీళ్లు కొలగ్లాసుతో. ఏ ట్రే పాటలు విన్నదో తెలియని మూడో పిల్ల స్కేలు పట్టుకుంటుంది. చెడిపోవడానికి పెట్టుకున్న రోజులు వీళ్లకు అక్కరకొచ్చాయి. ఇప్పుడు తేడా రాకపోతే ఏం చేయాలని అడిగారు. తేడా రాలేదని చార్టు మీద పెద్ద అక్షరాలతో రాయాలి. ఈ మాట ఇంట్లోవాళ్లకు నచ్చజెప్పడం పిల్లలకు చెప్పడం కంటే కష్టం, అది వేరే సంగతి.

22 రోజులు

లోలకం పిల్ల ఏడుపు మొహంతో వచ్చింది. తొమ్మిదో తరగతి, లెక్కల్లో గట్టిది. పొడవు నాలుగింతలైతే డోలన కాలం, అంటే ఒకసారి అటు వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం, రెండింతలవ్వాలి. 25 సెంటీమీటర్ల దారంతో 20 ఊపులకు 20.7 సెకన్లు. 100 సెంటీమీటర్లతో 40.4. భాగిస్తే 1.95. మూడు రోజులుగా చేస్తోంది, అదే వస్తోంది.

"గాలి వల్లా టీచర్?"

ఒక్క ఊపు కాకుండా 20 ఊపులు కలిపి కొలవడం ఆమె సొంత ఆలోచన. స్టాప్‌వాచ్ నొక్కడంలో వేలు చేసే ఆలస్యం 20 ఊపులకు పంచుకుపోతుంది. అక్కడ వంక పెట్టడానికి లేదు. దారం ఎలా కొలిచావో చూపించమన్నాను. పై ముడి దగ్గర స్కేలు సున్నా పెట్టి, కిందికి వచ్చి, గుండు తగిలించిన కొక్కెం దగ్గర ఆపింది. గుండు కొలిచాం. అడ్డంగా 3 సెంటీమీటర్లు.

లోలకం పొడవంటే దారం పొడవు కాదు, గుండు మధ్య దాకా. అంటే ఆమె 25 నిజానికి 26.5, ఆమె 100 నిజానికి 101.5. అదే ఒకటిన్నర రెంటికీ కలిసినా పొట్టి దారానికి పెద్ద దెబ్బ, పొడుగు దారానికి చిన్న దెబ్బ. అందుకే నిష్పత్తి కుంగింది. దారం కురచ చేసి మళ్లీ ఊపాం. 20.1, 40.1. ఈసారి భాగించకముందే నవ్వింది.

పాత పట్టిక చింపేయబోతుంటే ఆపాను. రెండు పట్టికలూ చార్టు మీద పక్కపక్కనే ఉంటాయి. ఆ తప్పును పట్టుకున్న తీరే ఆమె ప్రాజెక్టులో అసలు సరుకు.

15 రోజులు

తయారుచేసేవాళ్ల వంతు. వీళ్లను "నీ పరికల్పన ఏమిటి", అంటే ఏం జరుగుతుందని నీ ముందస్తు ఊహ, అని అడగడం మానేశాను, కిందటిసారి అలా అడిగి ఇబ్బంది పెట్టాం. వాళ్లకు కావాల్సింది పరికల్పన కాదు, షరతులు. నీళ్లు నిండితే మోగే అలారం చేస్తున్న ఇద్దరికీ షరతులు మూడు: నీళ్లు తగిలిన వెంటనే మోగాలి, చినుకు తుళ్లితే మోగకూడదు, వారం పాటు ఆగకుండా పనిచేయాలి.

మొదటి రెండూ తొలిరోజే పాసయ్యాయి. నాలుగో రోజుకు మోగడం మానేసింది. నీళ్లలో ఉంచిన రెండు రాగి తీగల్లో బ్యాటరీ ప్లస్‌కు కలిపినది నల్లబడి, పచ్చటి పూత పట్టి, చివర సన్నబడిపోయింది. ఆ నీళ్లలోంచి కరెంటు పోతూ తీగను తినేస్తోంది. ఇద్దరూ కూర్చుని తీగలు నీళ్లలో మునగకుండా, తేలే బెండు పైకి లేచి స్విచ్చి నొక్కేలా మార్చారు. పాత తీగను కవర్లో వేసి దాచమన్నాను.

మిగతా జట్ల సంగతి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. జిగురు, కత్తెర, అరుపులు.

8 రోజులు

పెట్టెల మధ్య చీటీలు ఇన్నిసార్లు మారతాయని అనుకోలేదు. వర్గీకరణ చేసేవాళ్లకు ఇది మామూలేనని నన్ను నేను ఓదార్చుకున్నాను. జీవుల వర్గీకరణకు పునాది వేసిన లినేయస్ అంతటివాడు 1735లో తిమింగలాన్ని చేపల్లో పెట్టి, తన పుస్తకం 1758 నాటి పదో కూర్పులో గానీ క్షీరదాల్లోకి మార్చలేదు. నావి అయిదు వారాల్లోనే మారాయి.

ఇప్పుడు లెక్క: చూపిస్తాను 9, కనుక్కుంటాను 14, తయారుచేస్తాను 7, లెక్కపెడతాను 6. ఇద్దరు కలిసి ఒకే ప్రాజెక్టు చేస్తున్నారు కాబట్టి ఒక చీటీ తగ్గింది.

మార్కుల కాగితాలు కూడా పెట్టెను బట్టి వేరు చేశాను. ఐసెఫ్‌లో వందకు ప్రశ్నకు 10, ప్రణాళికకు 15, అమలుకు 20, సృజనకు 20, ప్రదర్శనకు 35. ఆ 35లో పోస్టరుకు 10 అయితే పిల్లలతో మాట్లాడి వేసేవి 25. ఇంజనీరింగ్ వాళ్లకు ప్రశ్న బదులు సమస్య, ప్రయోగం బదులు నిర్మాణం, పరీక్ష. మా మార్కులు దీన్ని చూసే సర్దుకున్నాను. థర్మోకోల్ ఎంత తెల్లగా ఉందన్నదానికి ఇందులో ఎక్కడా మార్కులు లేవు, చూసి హాయిగా అనిపించింది.

2 రోజులు

హాల్లో బల్లలు మాత్రం సబ్జెక్టు ప్రకారమే వేయించాను. చూడ్డానికొచ్చేవాళ్లు "బయాలజీ ఎక్కడ?" అని అడుగుతారు గానీ "కనుక్కుంటాను ఎక్కడ?" అని అడగరు. పెట్టె పేరు బల్ల అంచున చిన్న అక్షరాల్లో, జడ్జీల కోసం.

పడుకోబోయే ముందు చీటీలు మళ్లీ లెక్కపెడితే 37 ఉండాల్సింది, 36 ఉన్నాయి. కంగారుపడి వెతికితే లెక్కల చీటీ బల్ల మీదే, పేపర్‌వెయిట్ కింద ఉంది. దాదాపు 40 రోజులుగా అక్కడే ఉంది. ఎనిమిదో తరగతి పిల్ల రాసినది: పెన్సిల్ ఎత్తకుండా, గీసిన గీత మీద మళ్లీ గీయకుండా ఏ బొమ్మలు గీయగలమో, ఏవి గీయలేమో, ఎందుకో చెబుతాను.

పొద్దున్నే పిలిచి క్షమించమన్నాను. తను చేసుకుంటూనే ఉంది, నోటుబుక్కు నిండిపోయింది. దానికి పనికొచ్చే నియమాన్నే 1736లో ఆయిలర్ అనే గణితవేత్త, ఒక ఊళ్లోని ఏడు వంతెనలనూ ఒక్కోటి ఒక్కసారే దాటి తిరగగలమా అనే లెక్కకు వాడాడని కూడా వెతికి పట్టుకుంది. ఒక బిందువు దగ్గర కలిసే గీతలు లెక్కపెట్టాలి. బొమ్మ అంతా ఒకే ముక్కగా ఉంటే, బేసి సంఖ్య వచ్చే బిందువులు ఒక్కటీ లేకపోయినా, రెండే ఉన్నా బొమ్మ వస్తుంది. అంతకు మించితే రాదు.

ఇది చూపించడం కాదు, కొలవడం కాదు, కట్టడం కాదు, లెక్కపెట్టడమూ కాదు. అయిదో పెట్టె తెచ్చి 'ఎందుకో చెబుతాను' అని రాసి, ఆ ఒక్క చీటీ అందులో వేశాను. ఆ పిల్ల నా ముందు కాగితం పెట్టి చతురస్రం గీసి, లోపల రెండు కర్ణాలు గీసింది. "గీయండి టీచర్, పెన్సిల్ ఎత్తకూడదు."

నాలుగు మూలల్లోనూ మూడేసి గీతలు. రాదని నియమం చెబుతూనే ఉంది. అయినా మూడుసార్లు ప్రయత్నించాను, ఎప్పుడూ ఒక్క గీత మిగిలిపోయింది.

"పైన ఇంటికప్పులా రెండు గీతలు వేయండి, అప్పుడొస్తుంది" అంది. కప్పు వేసి పై మూల నుంచి మొదలుపెట్టాను. మళ్లీ ఇరుక్కుపోయాను.

"కింది మూల నుంచి టీచర్."